సన్నాయి నేర్వాలంటే కంచిలి గుంటలు ఎక్కడికెళ్లాల?

ఉద్దానంలో పుట్టిన ఏ గుంటకైనా, ఏ గుంటడికైనా కొబ్బరాకు బూర చెయ్యడం వచ్చే ఉంటాది. ఈనె తీసీసిన ఆకుని వాలుగా చుట్టుకుంటూ పోతే ఒక కొస సన్నంగా, ఇంకో కొస వెడల్పుగా గరాటులాగ తయారవుతాది. ఊడిపోకుండా ఈనె ముక్క గుచ్చుతాం. సన్నటి కొసలో ఇంకో చిన్న ఆకుముక్క మడిచి దూర్చి, పళ్లతో కాసింత నొక్కి ఊదితే 'పేఁ' మని వీధి చివరిదాకా వినబడతాది. ఆ తరవాత ఇంట్లో తిట్లు పడేదాకా ఊదడమే.

ఆ బూరకీ, గుళ్లో ఊదే సన్నాయికీ పుట్టుక ఒకటే. మాటవరసకి చెప్పడం కాదు, పనిచేసే తీరే ఒకటి. రెండింట్లోనూ గరాటు ఆకారం గొట్టం ఉంటాది. సన్నకొసలో రెండు పలకలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఊపిరి వాటి మధ్యలోంచి దూరినప్పుడు ఆ పలకలు టపటపా కొట్టుకుంటాయి, దాంతో గొట్టంలో గాలి అదురుతాది. ఆ అదురే శబ్దం. ఉత్తరాది షెహనాయి, పడమటి దేశాల ఓబో, మన సరిహద్దు దాటి బరంపురం వైపు వెళ్తే ఒడియా పెళ్లిళ్లలో ఊదే మహురీ, ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. సన్నాయిలో ఆ రెండు పలకల ముక్కని మావోళ్లు పీక అంటారు. మన గొంతుని కూడా పీకే అంటాం కదా, పేరు సరిగ్గానే పెట్టినారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను ఆపి అడిగినారు. "మావోడు ఫోన్లో చూసి సన్నాయి కావాలంటన్నాడు, నేర్చుకోడానికి ఏటి చెయ్యాల అన్నియ్యా?" అని. నేను మేళం ఇంట్లో పుట్టినోణ్ణి. మా అయ్య సన్నాయి, మా పెదనాన్న డోలు. అయ్య పక్కన కొన్నాళ్లు రెండో సన్నాయి ఊదినాను, తరవాత వేరే పన్లోకి పోయినాను. ఇప్పుడు సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లల్ని అరుగు మీద కూకోబెట్టుకొని నాకు వచ్చింది చెప్తన్నాను. ఆ తల్లులకి నిలబడి చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తన్నాను.

ముందు ఒక మాట. సన్నాయి అనేది మొదటిరోజే పాట పలికే వాయిద్యం కాదు. కీబోర్డు మీద వేలు పెడితే స్వరం తయారుగా వస్తాది. వీణకి మెట్లుంటాయి. సన్నాయిలో స్వరాన్ని ఊదేవాడు పుట్టించుకోవాల. ఒకే రంధ్రం మీద వేలు పెట్టి, ఊపిరి కాసింత గట్టిగా తోస్తే స్వరం పైకి పోతాది, పెదవి సడలిస్తే కిందకి జారుతాది. అందుకే నేర్చుకునే పిల్లకి చెవి ముందు తయారవ్వాల, చెయ్యి తరవాత. నా దగ్గరకొచ్చే పిల్లల్ని నోటితో పాడనిదే ఊదనివ్వను. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఇవన్నీ చేత్తో తాళం వేస్తూ గొంతుతో పాడాల. అవి పలికినాక గీతాలు, వర్ణాలు, కృతులు వస్తాయి. కర్ణాటక సంగీతంలో ఏ వాయిద్యానికైనా దారి ఇదే. కాకపోతే ఊదే వాయిద్యంలో పాడడం ఎగ్గొట్టినోడు బేగి దొరికిపోతాడు. వాడి చెవిలో స్వరం లేకపోతే గొట్టంలో ఎక్కణ్ణుంచి వస్తాది?

'సన్నాయి నొక్కులు' అని ఎత్తిపొడుపు మాటలకి వాడతాం చూడండి. ఆ మాట పుట్టింది ఇక్కడే. సూటిగా పోకుండా స్వరాన్ని ఇటు తిప్పి, అటు ఊపి, ఎక్కడో నొక్కి వదలడమే సన్నాయి పనితనం. మన అత్తలు, ఆడపడుచులు దాన్ని మాటల్లో ఎక్కడ నేర్చినారో గానీ బాగానే నేర్చినారు.

ఇక ఊపిరి సంగతి. పిల్లలు మొదట ఊదినప్పుడు భుజాలు పైకి లేపి గుండె నిండా గాలి పీల్చుతారు, రెండు క్షణాల్లో అయిపోతాది, మొహం ఎర్రబడతాది. ఊపిరి కడుపు దాకా దిగాల. దీనికి నేను చేయించేది చిన్న పనే. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి కడుపు మీద నోటు పుస్తకం పెడతాను. పీల్చినప్పుడు పుస్తకం లేవాల, వదిలినప్పుడు మెల్లగా దిగాల. భుజాలు కదలకూడదు. వదిలేటప్పుడు నాలుగు లెక్కపెట్టి మొదలెట్టి, కొన్ని వారాలకి ఎనిమిది, తరవాత పన్నెండు దాకా తీసుకెళ్తాం. ఆటలాగ ఉంటాది కాబట్టి పిల్లలకి విసుగు రాదు. అది కుదిరినాక పీక ఒక్కటే చేతికిస్తాం. గొట్టం లేకుండా పీకని పెదాల మధ్య పెట్టి, పళ్లు తగలకుండా, బుగ్గలు ఉబ్బకుండా, ఒకే శబ్దం వణకకుండా నిలబెట్టాల. బాతు అరుపులాగ వస్తాది. ఇరుగుపొరుగోళ్లు నవ్వుతారు. ఆ నెల రోజులు ఓర్చుకున్న పిల్లే సన్నాయి పిల్ల.

చాలామంది ఇక్కడే ఒగ్గీస్తారు. వాళ్లని తప్పుపట్టను. పాట రాకుండా నెలల తరబడి ఒక్క శబ్దమే ఊదాలంటే పదేళ్ల పిల్లకి కష్టమే. అందుకని నేను పక్కనే వేణువు కూడా పెడతాను. వెదురు వేణువు చవక, పగిలినా ఏడవక్కర్లేదు, చిన్న వేళ్లకి సరిపోయే పొట్టివి దొరుకుతాయి. రంధ్రాలు సగం మూసి స్వరం తెప్పించడం వేణువు మీద బాగా వస్తాది. మొదటి పాఠాలు మాయామాళవగౌళలో ఉంటాయి, అందులో రి, ధ రెండూ చిన్నవి, వాటికోసం రంధ్రాన్ని వేలితో సగమే మూయాల. ఆ నిదానం వేళ్లకి అలవాటైతే రేపు సన్నాయి పట్టినప్పుడు సగం దారి నడిచేసినట్టే. పెదవి పని మాత్రం వేరు. వేణువు మీద పెదవి గాలిని అంచుకి తగిలేటట్టు తోస్తాది, సన్నాయి మీద పెదవి పీకని పట్టుకోవాల. వేణువు ముందు నేర్పితే పెదవి పాడైపోతాదని కొందరు పెద్దోళ్లు అంటారు. నా దగ్గరున్న పిల్లల్లో నాకలాగ కనబడలేదు.

సన్నాయి ఒకసారి చేతికొచ్చినాక పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "ఇన్ని రంధ్రాలున్నాయి, వేళ్లు చాలవు కదా?" అని. పైన వరసగా ఉన్న 7 రంధ్రాలే వేళ్లకి. కింద ఉన్నవి శ్రుతి సరిచేసుకోడానికి. వాటిల్లో మైనం పెట్టి, తీసి, గొట్టాన్ని సరైన శ్రుతిలోకి తెచ్చుకుంటారు. పెద్ద నాదస్వరం, తమిళులు బారీ అనేది, చిన్నపిల్ల చేతులకి అందదు. పొట్టిది, తిమిరి అంటారు, దాంతో మొదలెట్టాల. దాని గొంతు హెచ్చుగా ఉంటాది, ఊపిరి తక్కువ చాలు. కర్ర బరువు, కిందనున్న గరాటు బరువు కూడా చూసుకోవాల. మెడ వంచి ఊదే పిల్లకి నెలకే నొప్పులొస్తాయి.

పీక గురించి ఇంకో మాట చెప్పాల, ఎందుకంటే అసలు కష్టం అక్కడుంది. మంచి పీకలు కావేరి ఒడ్డున పెరిగే ఒక జాతి రెల్లుతో చేస్తారు. ఉడకబెట్టి, ఆరబెట్టి, మలిచి, దారంతో కట్టి చేసే పని. తంజావూరు వైపు నరసింగంపేటలో నాదస్వరం చేసేవాళ్లుంటారు, 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనకి పీక చెడిపోతే కంచిలి బజారులో దొరకదు. మేళగాడి సన్నాయికి వేలాడే దారాన్ని ఎప్పుడైనా చూసినారా? నాలుగైదు పీకలు, వాటిని సరిచేసే సూది ఆ దారానికే ఉంటాయి. అలంకారం అనుకుంటారు అందరూ. అది వాడి పనిముట్ల పెట్టె. పీకని తడిపి మెత్తబరచడం, నోరు తెరుచుకుంటే నొక్కి సరిచేయడం, ఏ పీక వేసవిలో పలుకుతాది, ఏది వానాకాలంలో మొండికేస్తాది అని తెలియడం, ఇవి ఏ యూట్యూబు పాఠంలోనూ పూర్తిగా రావు. పక్కన కూకొని చూడాల. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఆ సంగతి మన మేళగాళ్లకే బాగా తెలుసు.

తల్లుల భయాలు వేరే ఉంటాయి. ఉద్దానం మనుషులం, ఇంటింటా కిడ్నీ జబ్బు చూసినోళ్లం, ఒంటికి సంబంధించిన ఏ మాటకైనా భయపడతాం. "ఊదితే ఊపిరితిత్తులు పాడవుతాయేటి?" అని అడుగుతారు. సరిగ్గా నేర్పితే అలాగేం అవదు. మొదట్లో కళ్లు తిరుగుతాయి, అప్పుడు ఆపి కూకోవాల, మంచినీళ్లు తాగాల. ఉబ్బసం ఉన్న పిల్లయినా, గిలక దిగిన పిల్లడైనా డాక్టరుని అడిగే మొదలెట్టాల. ఒకరి పీక ఇంకొకరు నోట్లో పెట్టుకోకూడదు, కరోనా తరవాత ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకోటి, సన్నాయి ఆరుబయట ఊదడానికి పుట్టిన వాయిద్యం. నాలుగు గోడల గదిలో పదిమంది పిల్లలు ఒకేసారి ఊదితే చెవులకి మంచిది కాదు. చెట్టు కింద, స్కూలు వరండాలో, గుడి మంటపంలో నేర్పాల.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎక్కడ నేర్చుకోవాల?

ఉత్తరాంధ్రలో చెప్పుకోదగ్గ చోటు విజయనగరం. 1919లో విజయరామ గజపతిరాజు అక్కడ సంగీత పాఠశాల పెట్టినారు. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతో మొదలైందని చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయినారు. ఘంటసాల కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇంటింటా మధుకరం ఎత్తుకొని తిని అక్కడ చదువుకున్నారు. సుశీల గారూ అక్కడ నేర్చుకున్నవారే. ఇప్పుడది ప్రభుత్వ కాలేజీ. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగంతో పాటు నాదస్వరం, డోలు కూడా నేర్పుతారు. సర్టిఫికెట్టు 4 ఏళ్లు, ఆ తరవాత డిప్లొమా 2 ఏళ్లు. తిరుపతిలో దేవస్థానం వాళ్లకి నాదస్వరం, డోలు కోసం విడిగా బడి ఉంది.

బాగుంది. కానీ కంచిలి నుంచి విజయనగరం 150 కిలోమీటర్లకి పైనే. పదేళ్ల పిల్ల సాయంత్రం క్లాసుకి రైలెక్కి వెళ్లొస్తాదా? ఘంటసాల అన్నం అడుక్కొని చదువుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం, నిజంగా గొప్పే. అలాగని ఇప్పటి పిల్లకి కూడా అదే దారి చూపిస్తామా? ఆయన ఆకలిని కథగా చెప్పుకొని మురిసిపోవడం నాకు నచ్చదు.

దూరం ఒక తాళం. రెండో తాళం కులం. కోస్తా జిల్లాల్లో సన్నాయి, డోలు ఎక్కువగా నాయీబ్రాహ్మణుల ఇళ్లలో తరతరాలుగా వస్తున్న పని. పెళ్లిలో ముందు నడిచేది మేళమే, విస్తరి దగ్గర ఆఖర్న కూకునేదీ మేళమే. ఒక పెళ్లిలో డీజే పెట్టెలు దిగీసరికి మమ్మల్ని "తాళి అప్పుడు పిలుస్తాం, అటు పక్కన కూకోండి" అని సామాన్ల గది పక్కకి పంపించినారు. నాకు అప్పుడు పదిహేడేళ్లు. మా అయ్య ఏమీ అనలేదు, పీక తుడుచుకొని సంచిలో పెట్టుకున్నాడు. అలాటివి చూసిన మేళం పిల్లలు సన్నాయి పట్టుకోడానికి సిగ్గుపడతారు. వేరే కులాల పిల్లలకి ఇష్టమున్నా "అది మన పని కాదు" అని ఇంట్లో చెప్తారు. లోపలున్నోడు బయటికి పోతన్నాడు, బయటున్నోడు లోపలికి రాడు. మరి మిగిలేదెవరు?

నిజానికి ఈ వాయిద్యాన్ని నిలబెట్టినోళ్లని చూస్తే ఆ గోడలు నిలవవు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం కోసం తమిళనాడు వెళ్లి, తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ పిల్లలకి నేర్పడానికి శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టినారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులే షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ. ఇద్దరికీ కలిపి 2020 సంవత్సరపు పద్మశ్రీ ఇచ్చినారు. 2022లో గోసవీడు షేక్ హసన్ గారికి, చనిపోయినాక. భద్రాచలం రాముడి గుళ్లో ఊదిన మనిషి ఆయన. ముస్లిం ఇంట్లో పుట్టి రాముడి కల్యాణానికి మంగళవాయిద్యం ఊదితే ఎవరికీ అడ్డురాలేదు. మరి మన ఊళ్లో కాపు పిల్లో, జాలరి పిల్లో, సవర పిల్లో సన్నాయి పట్టుకుంటే ఏటవుతాది? ఆడపిల్లలు ఊదకూడదు అనేవాళ్లకి కాలీషాబీ వీడియో ఒకటి చూపించండి. ఆవిడ ఊపిరి ముందు మనం నిలబడలేం.

ఇక్కడ మేళం ఇళ్లవాళ్లు ఒక మాట అంటారు, అది కూడా న్యాయమైనదే. "అందరికీ నేర్పీస్తే మా పొట్ట కొట్టినట్టు కాదేటి?" అని. నాకు తెలిసి వాళ్ల పొట్ట కొట్టింది పక్కింటి పిల్ల కాదు, డీజే. నేర్పడానికి డబ్బులిస్తే వాళ్ల ఇంట్లోకి ఇంకో ఆదాయం వస్తాది. మేళగాడికి పని ఉండేది ముహూర్తాలున్నప్పుడే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు, ఆ రోజుల్లో సన్నాయి సంచిలోనే ఉంటాది. చాలామంది ఆ నెలల్లో కూలికి పోతారు, హైదరాబాదు, చెన్నై బండెక్కుతారు. పాఠం పెట్టాల్సింది ఆ నెలల్లోనే. జూన్‌లో బడి తెరిచినాక వచ్చే ఆషాఢంలో మొదలెడితే, పిల్లకి ఊపిరి, పీక కుదిరీసరికి శ్రావణం వస్తాది. గురువు పెళ్లిళ్లకి పోయిన రోజుల్లో పిల్లలు పాడుకుంటూ, వేణువు ఊదుకుంటూ ఉంటారు. ముహూర్తాల పంచాంగమే బడి టైంటేబులు.

ఇలాంటి బళ్లు ప్రపంచంలో లేకపోలేదు. వెనిజువెలాలో 1975లో ఎల్ సిస్తేమా అని మొదలెట్టినారు. పేద పిల్లలకి సాయంత్రాలు ఉచితంగా వాయిద్యాలు నేర్పే ఏర్పాటు. అసలు వయొలిన్ ఇవ్వక ముందు అట్టముక్కలతో చేసిన వయొలిన్ ఇచ్చి పట్టుకోవడం నేర్పిన బళ్లు అందులో ఉన్నాయి. అక్కడ ప్రభుత్వం డబ్బు పెట్టింది. మనకంత రాకపోయినా, అట్ట వయొలిన్‌కి సాటిగా మన దగ్గర కొబ్బరాకు బూర ఉంది కదా.

డోలు మాట మర్చిపోకూడదు. సన్నాయి బడి అని పెట్టి డోలు నేర్పకపోతే అది కుంటి నడక. డోలుకి కుడివైపు వేళ్లకి గట్టి తొడుగులు పెట్టి, ఎడమవైపు పుల్లతో కొడతారు. ఊపిరి కుదరని పిల్లలు, ఒకచోట కుదురుగా కూకోలేని పిల్లలు డోలుకి పోతే బ్రహ్మాండంగా వస్తారు. వెనకటికి మూడోవాడు కూడా ఉండేవాడు, శ్రుతి పట్టేవాడు. రంధ్రాల మీద వేళ్లాడించకుండా ఒకే స్వరాన్ని ఊపిరి తెగకుండా పట్టడమే వాడి పని. ముక్కుతో పీలుస్తూ, బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ ఉండేవాడు. ఇప్పుడా పని శ్రుతిపెట్టె చేస్తంది, ఫోన్లో యాప్ కూడా చేస్తంది. మా ఇంట్లో ఆ శ్రుతి పట్టిన ఆఖరి మనిషి మా తాత. ఆయన ఎలా పట్టేవాడో మా అయ్యకి తెలుసు, నాకు సగమే వచ్చు.

తిత్లీ తుపాను 2018 అక్టోబరులో వచ్చి మన కొబ్బరి తోటల్ని పడగొట్టీసినప్పుడు తిరిగి మొక్కలు వేసినాం. కాపుకి ఏళ్లు పడతాదని తెలిసే వేసినాం. మొక్క కోసం కాయ కావాల, కాయ కోసం చెట్టు ఏదో ఒకటి నిలబడి ఉండాల. మా మండలంలో సన్నాయి నేర్పగల మనుషులు ఇంకా ఉన్నారు. ఎక్కువమంది అరవై దాటినోళ్లు. పళ్లు ఊడితే పెదవి పట్టు తప్పుతాది, అప్పుడు నోటితో చెప్పగలరు గానీ ఊది చూపించలేరు.

మొదలెట్టడానికి పెద్ద భవనం అక్కర్లేదు. సాయంత్రం ఖాళీగా ఉండే స్కూలు వరండా, డజను వేణువులు, రెండు తిమిరి సన్నాయిలు, ఒక డోలు, పిల్లకొక పీక, నేర్పే పెద్దాయనకి నెలనెలా ఆగకుండా అందే జీతం. ఆ ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం, చందాల్లో మొదట తేలాల్సిందీ అదే. ఊరి నుంచి బయటికెళ్లి సంపాదిస్తన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. అమ్మోరి సంబరానికి డీజే పెట్టెల కోసం చందా రాసే ముందు, ఆ చందాలో కొంత విడగొట్టి ఒక ఆషాఢం పాఠాలకి ఇవ్వగలరేమో మీ ఊరి పెద్దల్ని అడగండి. పీకలు తెప్పించడం, పిల్లల చేత పాడించడం నేను చూసుకుంటాను. వచ్చే ఆషాఢానికి వరండా తాళంచెవి కావాల.